క్యాప్ అంటే టోపీయేనా? నాన్న అడిగిన ఒక ప్రశ్నకు జవాబు

ఈ రోజు ఎపిసోడ్‌లో ఒకే ఒక్క మాట గురించి మాట్లాడుకుందాం. ఇంగ్లిష్‌లో మూడే అక్షరాలు. ఎల్‌కేజీ పిల్లాడికి కూడా తెలిసిన మాట. క్యాప్.

"ఇంత చిన్న మాటకి ఒక ఎపిసోడా అన్నా?" అని మీరు అనుకోవచ్చు. నేనూ పోయిన ఏడాది వరకు అలాగే అనుకున్నాను. పోయిన ఏడాది మా నాన్నకి ఆపరేషన్ అయింది. డిశ్చార్జి రోజు బిల్లు 1,30,000 వచ్చింది. ఇన్సూరెన్స్ ఉంది కదా అని నేను నిశ్చింతగా కూర్చున్నాను. చివరికి మా చేతి నుంచి 52,000 కట్టాల్సి వచ్చింది. ఎందుకండీ అని అడిగితే, కౌంటర్‌లో ఉన్నావిడ పాలసీ కాగితంలో ఒక లైను కింద పెన్నుతో గీత గీసి చూపించింది. ఆ లైనులో ఉన్న మాట: క్యాప్డ్.

ఆటోలో ఇంటికి వస్తుంటే నాన్న అడిగాడు. "ఒరేయ్, క్యాప్ అంటే టోపీ కదరా. టోపీకీ మన బిల్లుకీ ఏంట్రా సంబంధం?"

నేను మీ అందరికీ ఇంగ్లిష్ మాటలు చెప్పేవాణ్ణి. నాన్నకి మాత్రం ఆ రోజు ఏమీ చెప్పలేకపోయాను. ఈ ఎపిసోడ్ ఆయన ప్రశ్నకి జవాబు. ఆ బిల్లు లెక్క కూడా చెప్తాను, కానీ దానికంటే ముందు ఈ మాట ఎక్కడ పుట్టి ఎక్కడెక్కడ తిరిగిందో చూడాలి. అది తెలిస్తే లెక్క దానంతట అదే అర్థమవుతుంది.

ముందు తల మీద ఉన్న క్యాప్

తెలుగులో మనకి టోపీ ఒక్కటే మాట. తల మీద పెట్టుకునేది ఏదైనా టోపీయే. చుట్టుకునేది అయితే తలపాగా, రుమాలు. ఇంగ్లిష్‌లో మాత్రం క్యాప్ వేరు, హ్యాట్ వేరు. తేడా అంచులో ఉంటుంది. గుండ్రంగా చుట్టూ అంచు ఉంటే హ్యాట్. కౌబాయ్ సినిమాల్లో హీరో పెట్టుకునేది హ్యాట్. చుట్టూ అంచు లేకుండా తలకి అతుక్కుని, ఉంటే గింటే ముందు వైపు మాత్రమే చూరులాగా ఉంటే అది క్యాప్. క్రికెటర్లు పెట్టుకునేది క్యాప్. ఎండలో ఫీల్డింగ్ చేసేటప్పుడు కొందరు చుట్టూ వెడల్పు అంచున్నది పెట్టుకుంటారు చూడండి, అది హ్యాట్.

ఇంకో చిన్న సంగతి. మనం చలికాలంలో మంకీ క్యాప్ అంటాం కదా? అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో షాపుకి వెళ్లి మంకీ క్యాప్ కావాలంటే వాళ్లకి అర్థం కాకపోవచ్చు. మంకీ క్యాప్ మన దేశపు ఇంగ్లిష్. అక్కడ దాన్ని బాలక్లావా అంటారు. 1854లో క్రిమియా యుద్ధంలో బాలక్లావా అనే ఊరి దగ్గర పెద్ద పోరాటం జరిగింది, ఆ ఊరి పేరే ఈ ఉన్ని టోపీకి వచ్చింది. అక్కడ చదువుకోవడానికి వెళ్లేవాళ్లు ఉంటే ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఆ చలిలో మొదటి వారంలోనే అవసరం పడుతుంది.

మన టోపీ కూడా ఇంగ్లిష్‌లోకి వెళ్లింది తెలుసా? బ్రిటిష్ వాళ్ల కాలం ఫొటోల్లో దొరలు తెల్లగా, గట్టిగా ఉండే ఒక టోపీ పెట్టుకుని కనిపిస్తారు. దాన్ని ఇంగ్లిష్ డిక్షనరీల్లో సోలా టోపీ అనే రాస్తారు. షోలా అనే నీటి మొక్క బెండుతో చేసేవాళ్లు కాబట్టి ఆ పేరు.

క్యాప్ ఎక్కడి నుంచి వచ్చింది?

లాటిన్ భాషలో కప్పా అనే మాట ఉంది. తలని కూడా కప్పే ముసుగున్న పొడవాటి పైవస్త్రం అది. మన కప్పు, కప్పుకోవడం లాగే వినిపిస్తుంది కదా? వినడానికి మాత్రమే, రెండింటికీ చుట్టరికం ఉందని నేను చెప్పడం లేదు. గుర్తుపెట్టుకోవడానికి మాత్రం భలే పనికొస్తుంది.

ఆ కప్పా నుంచి క్యాప్ వచ్చింది. సూపర్‌మ్యాన్ భుజాల వెనక ఎగిరే కేప్ కూడా అక్కడి నుంచే వచ్చింది. ఎస్కేప్ కూడా! ఎక్స్ అంటే బయటికి, కప్పా అంటే పైవస్త్రం. ఎవడో వెనక నుంచి పట్టుకుంటే, పైవస్త్రం వాడి చేతిలో వదిలేసి ఉడాయించడం అన్నమాట. తువ్వాలు వాడి చేతిలోనే ఉండిపోతుంది, మనిషి మాత్రం జంప్. ఇంకొకటి, చాపెల్. సెయింట్ మార్టిన్ అనే ఆయన పైవస్త్రాన్ని పవిత్రంగా దాచిన చోటుని కప్పెల్లా అన్నారు, అంటే చిన్న కప్పా. తర్వాత చిన్న ప్రార్థనా మందిరాలన్నిటికీ ఆ పేరే స్థిరపడింది.

ఇప్పుడు అసలు పాయింట్. క్యాప్ అనే మాటలో తలకంటే ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. పైన కూర్చుని మూసేది. ఈ ఒక్క ముక్క పట్టుకోండి. మిగతా అర్థాలన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

మూత అయిన క్యాప్

వాటర్ బాటిల్ మూతని బాటిల్ క్యాప్ అంటాం. పెన్ను క్యాప్ పోయిందంటాం. మోకాలి చిప్ప ఇంగ్లిష్‌లో నీ క్యాప్. పుట్టగొడుగు పైభాగం క్యాప్. మంచు కప్పిన కొండలు స్నో క్యాప్డ్ మౌంటెన్స్. ఇవన్నీ పైన కూర్చున్నవే.

రూట్ కెనాల్ చేయించుకున్నాక డాక్టర్ ఏమంటాడు? "పన్నుకి క్యాప్ వేయించుకోండి" అంటాడు. డెంటల్ పుస్తకాల్లో దాన్ని క్రౌన్ అంటారు, అంటే కిరీటం. చూశారా, టోపీ అయినా కిరీటం అయినా పన్నుకి కూడా తల మీద పెట్టేదే కావాలి. మనం క్యాప్ అన్నా వాళ్లకి అర్థమవుతుంది కానీ ఎస్టిమేట్ కాగితం మీద క్రౌన్ అని ఉంటుంది. చూసి కంగారు పడకండి, రెండూ ఒకటే.

క్రికెట్‌లో, ఫుట్‌బాల్‌లో క్యాప్

సునీల్ ఛెత్రీకి 150కి పైగా క్యాప్‌లు ఉన్నాయి అని స్పోర్ట్స్ పేజీలో చదివితే, ఆయన ఇంట్లో అలమరా నిండా టోపీలు ఉన్నాయని కాదు. దేశం తరఫున అన్ని మ్యాచ్‌లు ఆడాడని అర్థం. 1886లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ దేశం తరఫున ఆడినవాళ్లకి నిజంగానే టోపీ ఇవ్వాలని నిర్ణయించింది. అలా టోపీ అంటే దేశం తరఫున ఆడిన ఒక మ్యాచ్ అనే లెక్క వచ్చింది.

క్రికెట్‌లో మొదటి మ్యాచ్ ఆడే కుర్రాడికి సీనియర్ ఒకరు క్యాప్ ఇవ్వడం, పక్కన అమ్మానాన్నా కళ్లు తుడుచుకోవడం మనం టీవీలో చూస్తూనే ఉంటాం. ఆ క్యాప్‌కి ఒక నంబర్ ఉంటుంది. 1932లో లార్డ్స్‌లో మన దేశం మొదటి టెస్ట్ ఆడింది. కెప్టెన్ సి.కె. నాయుడు, తెలుగు మూలాలున్న మనిషి. మరి ఆయన టెస్ట్ క్యాప్ నంబర్ ఒకటేనా? కాదు, ఏడు. ఆ రోజు పదకొండు మందీ కొత్తవాళ్లే కదా, పేర్లని ఇంగ్లిష్ అక్షరాల వరసలో పెట్టి నంబర్లు వేశారు. ఒకటో నంబర్ అమర్ సింగ్‌కి వెళ్లింది.

ఇప్పుడు అన్‌క్యాప్డ్ ప్లేయర్ అంటే మీకే తెలిసిపోయి ఉంటుంది. దేశం తరఫున ఇంకా ఆడనివాడు. ఐపీఎల్ 2025 అప్పుడు దీని మీదే ఎన్ని మీమ్స్ వచ్చాయో. ధోనీని చెన్నై టీమ్ అన్‌క్యాప్డ్ లెక్కలో 4 కోట్లకి అట్టిపెట్టుకుంది. ప్రపంచ కప్పు తెచ్చిన కెప్టెన్ అన్‌క్యాప్డ్ ఏంటి? ఐదేళ్లుగా అంతర్జాతీయ మ్యాచ్ తుది జట్టులో లేని మన దేశపు ఆటగాడిని అలా లెక్కేయొచ్చు అని రూలు. మాటకి డిక్షనరీ అర్థం ఒకటి, రూల్‌బుక్ అర్థం ఇంకొకటి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. నాన్న బిల్లు దగ్గర మళ్లీ వస్తుంది.

ఇక ఎక్కువ పరుగులు తీసినవాడికి ఆరెంజ్ క్యాప్, ఎక్కువ వికెట్లు తీసినవాడికి పర్పుల్ క్యాప్. మన హైదరాబాద్ టీమ్‌లో ఉండగా వార్నర్ 2015, 2017, 2019లో ఆరెంజ్ క్యాప్ గెలిచాడు. 2016, 2017లో భువనేశ్వర్‌ది పర్పుల్ క్యాప్.

హ్యాట్రిక్‌లో కూడా టోపీ ఉంది. 1858లో షెఫీల్డ్‌లో స్టీఫెన్‌సన్ అనే బౌలర్ వరసగా మూడు బంతుల్లో మూడు వికెట్లు తీస్తే, జనం చందా వేసి ఆయనకి టోపీ కొనిచ్చారు. ఇప్పుడు మన పేపర్లలో వరసగా మూడు హిట్లు కొట్టిన హీరోకీ, మూడుసార్లు గెలిచిన నాయకుడికీ అదే మాట వాడుతున్నాం.

నో క్యాప్ అంటే?

ఇది మీలో చాలామందికి కామెంట్లలో కనిపించే మాట. "బెస్ట్ బిర్యానీ ఎవర్, నో క్యాప్." అంటే టోపీ పెట్టుకోకుండా తిన్నానని కాదు. అబద్ధం కాదు, నిజంగా చెప్తున్నా అని. క్యాప్ అంటే అబద్ధం, కోతలు కోయడం. "దట్స్ క్యాప్" అంటే "కోతలు ఆపరా బాబూ" అని. నీలం రంగు టోపీ ఎమోజీ పెడితే కూడా అదే అర్థం. మీరు కష్టపడి పోస్ట్ పెడితే కింద ఎవరో టోపీ బొమ్మ పెట్టారనుకోండి, మెచ్చుకున్నారని థ్యాంక్స్ చెప్పకండి. నువ్వు అబద్ధం చెప్తున్నావ్ అంటున్నాడు వాడు.

ఇది అమెరికాలో నల్లజాతివాళ్ల మాటల నుంచి, హిప్‌హాప్ పాటల నుంచి వచ్చింది. 2017 ప్రాంతం నుంచి సోషల్ మీడియా అంతా పాకింది. స్నేహితుల మధ్య ఓకే. ఆఫీసు మెయిల్‌లో, ఇంటర్వ్యూలో మాత్రం వాడొద్దు.

నాకు భలే ఆశ్చర్యమనిపించేది ఏంటంటే, మన తెలుగులో ఈ ముచ్చట ముందు నుంచే ఉంది. "వాడు నాకు టోపీ పెట్టాడురా" అంటే ఏంటి? మోసం చేశాడు. పేపర్లో హెడ్డింగ్ చూడండి, "చిట్టీల పేరుతో కుచ్చుటోపీ". ఎక్కడో అమెరికా కుర్రాళ్లు, ఇక్కడ మన ఊరి పెద్దవాళ్లు. ఒకరి మాట ఒకరు వినలేదు. అయినా రెండు చోట్లా టోపీ అబద్ధం పక్కకే చేరింది.

లిమిట్ అయిన క్యాప్

ఇక నాన్న ప్రశ్న దగ్గరికి వస్తున్నా. మూత ఏం చేస్తుంది? లోపల ఉన్నది పైకి పొంగకుండా ఆపుతుంది. అందుకే అంకెల మీద క్యాప్ అంటే ఇంతకి మించి పోకూడదు అనే హద్దు.

మీ ఫోన్‌లోనే చూడండి. రోజుకి 1.5 జీబీ అయ్యాక స్పీడ్ పడిపోతుంది, అది డేటా క్యాప్. "20 శాతం క్యాష్‌బ్యాక్, క్యాప్డ్ అట్ 100 రుపీస్" అని ఉందనుకోండి. 500కి కొంటే 100 వస్తుంది. 5,000కి కొన్నా అదే 100. పెద్ద అక్షరాల్లో 20 శాతం, చిన్న అక్షరాల్లో క్యాప్. 5,000 మీద 100 అంటే అసలు క్యాష్‌బ్యాక్ 2 శాతమే. ఉద్యోగం ఆఫర్ లెటర్‌లో "ఇన్సెంటివ్స్ ఆర్ క్యాప్డ్" అని ఉంటే, ఎంత అమ్మినా ఆ అంకె దాటి ఇవ్వరు. "నో క్యాపింగ్ ఆన్ ఇన్సెంటివ్స్" అంటే హద్దు లేదు, ఎంత చేస్తే అంత. నో క్యాప్, నో క్యాపింగ్ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి, అర్థాలు మాత్రం పూర్తిగా వేరు.

నాన్న పాలసీ 3 లక్షలది. నేనే ఫోన్‌లో, రాత్రి పదకొండింటికి, పది నిమిషాల్లో కొన్నాను. అందులో ఉన్న లైను ఇది: "రూమ్ రెంట్ క్యాప్డ్ అట్ వన్ పర్సెంట్ ఆఫ్ సమ్ ఇన్ష్యూర్డ్ పర్ డే." అంటే 3 లక్షల్లో ఒక శాతం, రోజుకి 3,000 వరకే గది అద్దె.

ఆసుపత్రిలో 3,000 గది ఉంది, ఇద్దరు పేషెంట్లు ఉండేది. నాన్నకి నిద్ర పట్టదని నేను 6,000 సింగిల్ రూమ్ తీసుకున్నాను. నాన్న వద్దన్నాడు. "నాలుగు రోజులకి ఎందుకురా" అన్నాడు. నేను మనసులో లెక్క వేసుకున్నా. రోజుకి 3,000 ఎక్కువ, నాలుగు రోజులకి 12,000. పర్లేదు, నా జీతంలోంచి పెట్టుకుంటా అనుకున్నా. క్యాప్ అంటే హద్దు అని నాకు తెలుసు ఫ్రెండ్స్. తెలియనిది ఆ మూత ఎంత వెడల్పు ఉందో.

బిల్లు గుండ్రంగా చెప్తాను. గది నాలుగు రోజులకి 24,000. సర్జన్, మత్తు డాక్టర్, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కలిపి 80,000. మందులు, టెస్టులు 26,000. మొత్తం 1,30,000.

చాలా ఆసుపత్రుల్లో గది ఖరీదు పెరిగితే డాక్టర్ ఫీజు, థియేటర్ ఛార్జీ కూడా పెరుగుతాయి. అందుకని ఇలాంటి పాలసీల్లో ఇంకో షరతు ఉంటుంది. దాని పేరు ప్రపోర్షనేట్ డిడక్షన్. మీ హద్దు 3,000, మీరు తీసుకున్నది 6,000, అంటే సగమే మీ హక్కు. కాబట్టి గదితో ముడిపడిన ఛార్జీలన్నిటిలోనూ సగమే ఇస్తాం అని. గదికి 24,000లో 12,000 ఇచ్చారు. డాక్టర్లు, థియేటర్ 80,000లో 40,000 ఇచ్చారు. మందులు, టెస్టులకి ఈ కోత వర్తించదు, 26,000 మొత్తం వచ్చింది. ఇన్సూరెన్స్ ఇచ్చింది 78,000. మేం కట్టింది 52,000.

నేను 12,000 పోతుందనుకున్న చోట 52,000 పోయింది. గది మీద ఒక్కదాని మీదే మూత ఉందనుకున్నా. ఆ మూత బిల్లులో సగం పైనే కూర్చుంది. రూల్‌బుక్ అర్థం అని ఇందాక అన్నానే, అది ఇదే. ఎవరూ నన్ను మోసం చేయలేదు. కాగితంలో అంతా రాసే ఉంది. చదవంది నేను.

ఆ 52,000 నాన్న తన దగ్గర ఉన్నదాంట్లోంచే కట్టాడు. చెల్లి ఫీజుకని పక్కన పెట్టిన డబ్బు అది. నన్ను ఒక్క మాట అనలేదు. టోపీకీ బిల్లుకీ ఏంట్రా సంబంధం అని మాత్రం అడిగాడు. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది నాకు.

క్యాప్ మంచిదా, చెడ్డదా?

ఇది వింటే క్యాప్ అంటే ఎప్పుడూ మనకి నష్టమే అనిపిస్తుంది. అలా కూడా కాదు. గుండె రక్తనాళంలో వేసే స్టెంట్ ఉంటుంది కదా, 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం వాటికి గరిష్ఠ ధర పెట్టింది. మందు పూసిన స్టెంట్‌కి 29,600, మామూలు లోహపు స్టెంట్‌కి 7,260, పన్నులు కాకుండా. అంతకు ముందు అవే స్టెంట్లకి లక్ష దాటి కట్టినవాళ్లు ఉన్నారు. ఇది కూడా క్యాపే, ప్రైస్ క్యాప్. ఇక్కడ మూత పేషెంట్‌ని కాపాడింది.

కాబట్టి క్యాప్ అనే మాట కనిపించగానే ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ మూత ఎవరి గిన్నె మీద ఉంది? మనం కట్టే డబ్బు మీద ఉంటే మనకి మంచిది. మనకి వచ్చే డబ్బు మీద ఉంటే జాగ్రత్త. ఆ తర్వాత రెండో ప్రశ్న: ఆ ఒక్క అంకె మీదేనా, దాని వెనక ఇంకేమైనా లాక్కుపోతుందా? నేను మొదటిది వేసుకున్నా, రెండోది మర్చిపోయా.

ఇన్సూరెన్స్ విషయంలో ఒక పని చేయండి. ఇంట్లో ఉన్న పాలసీ పీడీఎఫ్ ఫోన్‌లో తెరవండి. సెర్చ్‌లో క్యాప్, లిమిట్, సబ్ లిమిట్, అప్ టు, ప్రపోర్షనేట్ అనే మాటలు ఒక్కొక్కటి టైప్ చేసి వెతకండి. రూమ్ రెంట్ హద్దు ఎంతో ఒక కాగితం మీద రాసి ఇన్సూరెన్స్ కార్డుతో పాటు పెట్టండి. అడ్మిట్ చేసేటప్పుడు కంగారులో ఎవరూ చదవరు. ఆ హద్దు లోపలి గదే అడగండి.

క్యాప్‌లా కనిపించేవి

కొన్ని మాటల్లో క్యాప్ ఉంటుంది కానీ టోపీ కాదు. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ ఉంది కదా, అది క్యాపిటల్ లెటర్స్‌కి పొట్టి రూపం. షేర్ మార్కెట్‌లో లార్జ్ క్యాప్, మిడ్ క్యాప్, స్మాల్ క్యాప్ అంటారు. ఇక్కడ క్యాప్ అంటే క్యాపిటలైజేషన్, అంటే మార్కెట్‌లో ఆ కంపెనీ మొత్తం విలువ. సెబీ లెక్కలో విలువ ప్రకారం మొదటి 100 కంపెనీలు లార్జ్ క్యాప్, 101 నుంచి 250 వరకు మిడ్ క్యాప్, 251 నుంచి స్మాల్ క్యాప్. స్మాల్ క్యాప్ అంటే నష్టానికి చిన్న హద్దు ఉందని పొరపాటున కూడా అనుకోకండి.

హ్యాండిక్యాప్‌లో మాత్రం నిజంగానే టోపీ ఉంది. ఇంగ్లండ్‌లో పాత రోజుల్లో వస్తువులు మార్చుకునే ఒక పందెం ఆట ఉండేది, టోపీలో డబ్బులు వేసి చెయ్యి పెట్టేవాళ్లు. హ్యాండ్ ఇన్ క్యాప్. అది గుర్రప్పందేల్లోకి వెళ్లింది, బలమైన గుర్రం మీద అదనపు బరువు పెట్టడాన్ని హ్యాండిక్యాప్ అన్నారు. అక్కడి నుంచి మనుషుల వైకల్యానికి వాడారు. బిచ్చానికి టోపీ పట్టుకోవడం నుంచి వచ్చిందని కొందరు చెప్తారు, అది తప్పు. ఏదేమైనా మనుషుల్ని ఇప్పుడు హ్యాండిక్యాప్డ్ అనకండి. పర్సన్ విత్ డిసెబిలిటీ అనండి.

రెండు సామెతలు చెప్పి ముగిస్తాను

"ఇఫ్ ద క్యాప్ ఫిట్స్, వేర్ ఇట్." టోపీ నీకు సరిపోతే పెట్టుకో అని. పేరు పెట్టకుండా ఒక మాట అంటే, అది తనకే తగిలిందని ఎవరైనా ఉలిక్కిపడితే అనే మాట. మన దగ్గర గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడు అంటాం. ఇక "ఎ ఫెదర్ ఇన్ యువర్ క్యాప్" అంటే గర్వపడాల్సిన విజయం. మన పేపర్లలో ఏమని రాస్తారు? కీర్తి కిరీటంలో కలికితురాయి. అక్కడ టోపీలో ఈక, ఇక్కడ కిరీటంలో తురాయి.

మొన్న ఈ ఎపిసోడ్ స్క్రిప్ట్ రాసుకుని ముందు నాన్నకే వినిపించాను. అంతా విన్నాడు. "అయితే క్యాప్ అంటే మూత అన్నమాట" అన్నాడు. అవును నాన్నా అన్నాను. "మరి ఆ కాగితంలో మూత అని రాసుంటే నేనైనా చదివేవాణ్ణి కదరా" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ మీ ఇంట్లో ఇంగ్లిష్ కాగితాలన్నీ మీరే చదువుతుంటే, మీరే ఫోన్‌లో ఓకే నొక్కుతుంటే, అమ్మానాన్నల కళ్లు మీరే అన్నమాట. ఈ రోజు రాత్రికి ఆ పీడీఎఫ్ ఒకసారి తెరవండి. అందులో ఏ క్యాప్ కనిపించిందో, ఎవరి గిన్నె మీద ఉందో కామెంట్లో రాయండి. అర్థం కాకపోతే ఆ లైను ఒక్కటే టైప్ చేసి పెట్టండి, పాలసీ నంబర్, పేర్లు పెట్టొద్దు. కలిసి చదువుదాం. ఉంటాను ఫ్రెండ్స్, నమస్తే.